నారింజ, నరాన్హ: న్యూయార్క్‌లో ఓ ఫ్రీ టూర్

మా అమ్మాయి వాళ్ళుండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. పోయిన వేసవిలో మనవరాలికి ఒక సమ్మర్ క్యాంపు అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోపు తొమ్మిది రోజులు ఖాళీ వచ్చింది. అమ్మాయికీ అల్లుడికీ సెలవు దొరకలేదు. దాంతో ఆ తొమ్మిది రోజులూ నా డ్యూటీ. ఐప్యాడ్ దాని చేతిలో, రిమోట్ నా చేతిలో. మూడో రోజుకల్లా నన్ను చూస్తే దానికి, దాన్ని చూస్తే నాకు చిరాకు మొదలైంది.

"అమ్మా, దానికి స్కూల్లో స్పానిష్ చెప్తున్నారుగా. న్యూయార్క్‌లో హిస్పానిక్ సొసైటీ అని మ్యూజియం ఉంది. స్పెయిన్‌వీ, మెక్సికో వైపువీ బొమ్మలూ వస్తువులూ అన్నీ అక్కడుంటాయి. టికెట్ లేదు, గైడ్‌తో టూర్ కూడా ఫ్రీయే. వెళ్ళి రండి" అంది మా అమ్మాయి.

"ఫ్రీ అంటే ఏం చూపిస్తార్లే" అన్నాను. ఊరికే వచ్చినదాని మీద మనకు గురి కుదరదు కదా. పైగా నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. ముప్పయ్యొక్క ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మ్యూజియం అంటే నాకు గుర్తొచ్చేది సాలార్‌జంగ్. ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళిన పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ గదుల్లో పరుగులు పెట్టడం, పన్నెండు గంటలకు ఆ గడియారం దగ్గర తోపులాట, అంతే. ఏం చూశామని ఇంటికొచ్చాక అడిగితే చెప్పడానికి రెండు మాటలుండేవి కావు.

మొదటిసారి వెళ్ళిన రోజు మ్యూజియం లోపలికే పోలేకపోయాం. అందులో ఎవరి తప్పూ లేదు, నాదే. ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణుంచి 1 నంబర్ సబ్‌వే ఎక్కి 157వ వీధి స్టాప్‌లో దిగాలని అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. ప్లాట్‌ఫాం మీద ఎర్ర గుండ్రంలో అంకె వేసుకుని ఒక బండి వచ్చింది. ఎరుపు రంగు చూసి ఎక్కేశాను. అది 2. రెండు బండ్లదీ ఎరుపే. 96వ వీధి దాకా రెండూ కలిసే పోతాయి, ఆ తర్వాత ఒకటి అటు, ఒకటి ఇటు. మనవరాలు మ్యాప్ చూసి "అమ్మమ్మా, మనం బ్రాంక్స్‌లో ఉన్నాం" అనేసరికి నా గుండె జారిపోయింది. తిరిగొచ్చి సరైన స్టాప్‌లో దిగేసరికి టూర్ మొదలై అరగంట దాటింది. మధ్యలో దూరడానికి నాకు మొహం చెల్లలేదు. ఎదురుగా కొట్లో అరటికాయలు, కర్రపెండలం కనిపిస్తే అవి కొనుక్కుని ఇంటికొచ్చాం. ఆ చుట్టుపక్కలంతా డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. బోర్డులు స్పానిష్‌లో ఉంటాయి, కూరగాయలు మాత్రం మనవే.

రెండు రోజులాగి మళ్ళీ బయల్దేరాం. ఈసారి ముందే ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో, టూర్ ఎన్నింటికో అమ్మాయి చేత చూపించుకున్నాను. ఆ మ్యూజియం వారమంతా తెరవరు. వెళ్ళదలచుకున్నవాళ్ళు ఈ పని తప్పకుండా చెయ్యండి.

బ్రాడ్‌వే మీద 155, 156 వీధుల మధ్య పెద్ద రాతి వాకిలి, లోపల మెట్లు దిగాల్సిన ముంగిలి. దాని మధ్యలో గుర్రం మీద ఒక వీరుడి కంచు విగ్రహం. ఎల్ సిద్ అని స్పెయిన్‌వాళ్ళ కథానాయకుడు, వాళ్ళకి మన పల్నాటి బాలచంద్రుడి లాంటివాడు. చెక్కింది అన్నా హయట్ హంటింగ్టన్, 1927లో. చేసింది ఆడమనిషి అని తెలిశాక నేను ఆ గుర్రం కాళ్ళ నరాలు మళ్ళీ ఓసారి చూశాను. ఈ మ్యూజియం పెట్టిన ఆర్చర్ హంటింగ్టన్ ఆవిడ భర్త. రైల్వే కోటీశ్వరుడింట్లో పెరిగి, చిన్నప్పుడే స్పెయిన్ పిచ్చి పట్టి, 1904లో ఈ సొసైటీ పెట్టాడు. మ్యూజియం తలుపులు 1908లో తెరిచారు. మా గైడ్ చెప్పిన ఒక ముక్క నాకు బాగా నచ్చింది: స్పెయిన్‌లో ఉన్న పెయింటింగుల్ని కొనుక్కొచ్చి ఆ దేశాన్ని ఖాళీ చెయ్యకూడదని, అప్పటికే బయటికి పోయి ఇతర దేశాల్లో అమ్మకానికొచ్చినవే కొనాలని ఆయన నియమం పెట్టుకున్నాడట. అలా అని అంతా నియమం ప్రకారమే జరిగిందా అంటే, పుస్తకాల దగ్గరికొచ్చేసరికి సెవిల్‌లో ఓ జమీందారు గ్రంథాలయాన్ని 1902లో మొత్తంగా కొన్నాడు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ మాత్రం సడలింపు ఇవ్వచ్చు.

లోపల డెస్క్ దగ్గర టూర్‌కి వచ్చామని చెప్పి ఓ పక్కన నిలబడ్డాం. నా బ్యాగ్ పెద్దది, అందులో పులిహోర డబ్బా, నీళ్ళ సీసా. గార్డు మర్యాదగానే లోపలికి వద్దన్నాడు. పులిహోర అంటే ఏమిటని అడిగాడు కూడా. మనవరాలు "లెమన్ రైస్ లాంటిది, కానీ లెమన్ కాదు" అని చెప్పింది. అంతకంటే నేనూ చెప్పలేను.

టూర్‌కి మొత్తం పదకొండు మందిమి. ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ముసలి జంట, స్కెచ్‌బుక్ పట్టుకున్న ఓ అబ్బాయి, మా వెనకాల నా వయసే ఉన్న ఒక డొమినికన్ ఆవిడ, ఆమె మనవడు. గైడ్‌ది డెబ్బై ఏళ్ళ పైమాటే. పొట్టిగా, మెళ్ళో కళ్ళజోడు తాడుతో, అచ్చం మా స్కూలు లెక్కల టీచరమ్మలా ఉంది. వస్తూనే "ఇక్కడ వేల వస్తువులున్నాయి. నేను పదే చూపిస్తాను" అంది. ఫ్రీ కదా, అందుకే పది అనుకున్నాను మనసులో.

ఆ పదీ పూర్తయ్యేసరికి గంట దాటింది. ఆ తర్వాత పదకొండోది చూపిస్తానన్నా నేను చూడగలిగేదాన్ని కాదు.

ఆవిడ పద్ధతి ఇది: బొమ్మ ముందు నిలబెట్టి ఓ నిమిషం ఏమీ మాట్లాడదు. మనల్నీ మాట్లాడనివ్వదు. ఆ తర్వాత "ఏం కనిపించింది?" అని అడుగుతుంది. "ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు" అన్నది చివర్లో. క్లాసులో మేమెప్పుడూ దీనికి తిరగేసి చేశాం. కవి కాలము, జననము, బిరుదులు, ఆ తర్వాత పద్యం. పద్యం దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేసేవాళ్ళు.

మొదట ఆపింది ఆళ్బ డచెస్, అంటే స్పెయిన్‌లో ఓ పెద్ద జమీందారిణి, ఆవిడ బొమ్మ ముందు. మనిషంత బొమ్మ, నిజానికి మనిషికంటే ఎత్తు. నల్ల లేసు ముసుగు, నల్ల పావడా, నడుముకి ఎర్ర పట్టీ. కాళ్ళ కింద ఇసుక నేల. కుడిచేత్తో కిందికి చూపిస్తోంది. నేను మొహం చూస్తూ ఉండిపోయాను. మనవరాలు మాత్రం ఆ వేలు ఎక్కడికి చూపిస్తోందో అక్కడికి చూసి, "అక్కడేదో రాసుంది, తలకిందులుగా ఉంది" అంది. గైడ్ మొహం వెలిగిపోయింది. కాళ్ళ దగ్గర ఇసుకలో "సోలో గోయా" అని ఉంది. ఒక్క గోయా మాత్రమే, అని అర్థం. మనవైపు కాదు, ఆవిడ చదువుకునేందుకు వీలుగా ఆవిడవైపు తిరిగి ఉన్నాయి అక్షరాలు. గీసినవాడు గోయానే, 1797లో. అప్పటికి డచెస్ భర్త పోయి ఏడాది. అందుకే నలుపు. వేళ్ళకున్న రెండు ఉంగరాల్లో ఒకదాని మీద ఆళ్బ, రెండోదాని మీద గోయా అని ఉంటుంది. "సోలో" అన్న మాట చాలా ఏళ్ళు పైన పూసిన రంగు కింద దాగి ఉండి, తర్వాత శుభ్రం చేసినప్పుడు బయటపడిందట. ఈ బొమ్మని ఆయన తన దగ్గరే ఏళ్ళ తరబడి ఉంచుకున్నాడని కూడా చెప్పింది గైడ్. ఆ ఇద్దరి మధ్యా ఏం జరిగిందని కాలేజీ పిల్లలు అడిగారు. "ఇసుక మీద రాసింది గోయా. ఆవిడ ఏమనుకుందో ఎక్కడా రాయలేదు" అని నవ్వి ముందుకి నడిచింది.

మనవరాలికి బాగా నచ్చింది వెలాస్కెస్ గీసిన చిన్నపిల్ల బొమ్మ. ఎవరి పిల్లో ఎవరికీ తెలియదు. నల్ల జుట్టు, నల్ల కళ్ళు. గౌను సగం గీసి వదిలేశాడు. మొహం మాత్రం పూర్తి చేశాడు. మా పిల్ల దాని ముందు కాస్త వంగి అదే పోజులో నిలబడింది. రాజుగారి మంత్రుల బొమ్మలు, సాధువుల బొమ్మలు చాలా ఉన్నాయి గానీ నాకు వాటితో పెద్దగా మాటల్లేవు. ఎల్ గ్రెకో అనే చిత్రకారుడు గీసిన సాధువులు ఎందుకంత పొడుగ్గా, పాలిపోయి ఉంటారో ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు.

అసలు సంగతి, నన్ను అక్కడ కట్టిపడేసింది బొమ్మ కాదు, పెట్టె.

పెద్ద పెట్టె కూడా కాదు. మా నాన్నగారు దస్తావేజులు పెట్టుకునే పెట్టెంత ఉంటుంది. మూత తీస్తే రాసుకునే బల్ల అవుతుంది. 1684 ప్రాంతంలో ఇప్పటి కొలంబియాలోని పాస్తో అనే ఊళ్ళో ఒక బిషప్ కోసం చేశారు. ఒళ్ళంతా పువ్వులు, పక్షులు, జంతువులు. రంగు వేసినట్టు లేదు. అతికించినట్టూ లేదు. వంగి చూస్తే ఆకుల అంచుల్లో సన్నటి మెరుపు, లోపల్నుంచి వస్తున్నట్టు. గైడ్ ఎప్పటిలాగే "ఏం కనిపించింది?" అంది. అంతవరకూ నోరు విప్పనిదాన్ని, "లక్క" అనేశాను తెలుగులోనే. మనవరాలు "లాక్ అంటోంది" అని చెప్పింది.

మా అమ్మగారిది ఏటికొప్పాక. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క ముక్క దానికి ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దుతారు. అప్పుడొస్తుంది మెరుపు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే వరాహ నది ఒడ్డున స్నానం చేసి వస్తూ ఆ షెడ్ల ముందు నిలబడేవాళ్ళం. లక్కపిడతలతో ఆడుకోని ఆడపిల్ల మా ఇంట్లో లేదు. ఆ కాలిన లక్క వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఈ పెట్టె గాజు లోపల ఉంది కాబట్టి వాసన చూడలేకపోయాను.

ఇది లక్క కాదని గైడ్ చెప్పింది. మన లక్క పురుగులు చేసేది. ఇది మోపా-మోపా అనే అడవి చెట్టు మొగ్గల్లోంచి తీసే జిగురు. దాన్ని ఉడకబెట్టి, దంచి, మెత్తబడ్డాక రంగు కలుపుతారు. తర్వాత ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి చేతులతోనూ పళ్ళతోనూ పట్టి లాగుతారు. లాగగా లాగగా అది గాలిపటం కాగితంలా పల్చటి పొర అవుతుంది. ఆ పొరని కత్తితో పువ్వులుగా, ఆకులుగా కోసి, వేడి చేసి కర్రకి అద్దుతారు. అడుగున వెండి రేకు వేస్తే పైనున్న పొరలోంచి అది మెరుస్తుంది. నేను చూసిన మెరుపు అదన్నమాట. పాస్తోలో ఈ పని ఇప్పటికీ చేస్తున్నారు, కానీ చేసేవాళ్ళు తక్కువైపోయారు. 2020లో యునెస్కో దీన్ని అత్యవసరంగా కాపాడుకోవాల్సినవాటి జాబితాలో చేర్చింది.

పళ్ళతో లాగడం అనగానే పిల్లలందరూ "యాక్" అన్నారు. డొమినికన్ ఆవిడా నేనూ మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పూలు కట్టేటప్పుడు దారం పళ్ళతో పట్టుకోని ఆడది ఎక్కడుంటుంది?

ఏటికొప్పాక సంగతి చెప్పమంది గైడ్. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. తరిణి అన్నదానికి మాట తెలియక చేత్తో తిప్పి చూపించాను. స్కెచ్‌బుక్ అబ్బాయి "లేథ్" అని అందించాడు. మొగలి ఆకు అనేదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ పదకొండు మంది నిలబడి నేను చెప్పేది విన్నారు. రిటైరై ఆరేళ్ళయ్యాక మళ్ళీ క్లాసు.

చివర్లో తీసుకెళ్ళింది సొరోయా అనే స్పెయిన్ చిత్రకారుడి గదిలోకి. ఇక్కడ ఒకటే సలహా: కాళ్ళలో ఓపిక ఉంచుకోండి. గది నాలుగు గోడలూ బొమ్మలే. పద్నాలుగు పెయింటింగులు, ఒక్కొక్కటి మూడున్నర మీటర్ల ఎత్తు, అన్నీ కలిపి పొడవు డెబ్బై మీటర్లకు దగ్గర. హంటింగ్టన్ మొదట స్పెయిన్ చరిత్ర గీయమన్నాడట, యుద్ధాలూ రాజులూ. సొరోయా అది తనవల్ల కాదని, ప్రాంతాల వారీగా మనుషుల్ని గీస్తానన్నాడు. 1911లో ఒప్పందం. 1912 నుంచి 1919 దాకా ఊరూరా తిరిగి, ఎక్కడి బొమ్మ అక్కడే, ఎక్కువ భాగం ఆరుబయట ఎండలో నిలబడి గీశాడు. ఏడేళ్ళ చాకిరీ. 1920లో పక్షవాతం వచ్చింది, మళ్ళీ కుంచె పట్టలేదు. 1923లో పోయాడు. ఈ గది తెరిచింది 1926లో. తన బొమ్మలు ఈ గోడల మీద ఎలా ఉంటాయో ఆయన చూడనేలేదు.

గైడ్ పద్నాలుగింటినీ చెప్పలేదు. "మీకు నచ్చిన దాని ముందు నిలబడండి, నేనే మీ దగ్గరికొస్తా" అంది. నేను అయమోంతే అనే ఊరి బొమ్మ ముందు నిలబడ్డాను. అదే ఆయన చివరగా గీసింది. పెద్ద పెద్ద ట్యూనా చేపలు నేల మీద పడి ఉన్నాయి, జాలర్లు వాటిని ఈడుస్తున్నారు, పైన తెరచాప గుడ్డతో పందిరి, వెనకాల సముద్రం ఎండకి మండుతోంది. దూరంగా చూస్తే చేపల ఒంటి మీద తడి. దగ్గరికెళ్తే తడి లేదు, ఊదా, నీలం, తెలుపు, బెత్తెడు వెడల్పున ఇష్టమొచ్చినట్టు లాగిన గీతలు. వెనక్కి వస్తే మళ్ళీ తడి. అలా నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ నడిచాను. పూడిమడకలో తెల్లవారుజామున చేపల వేలం దగ్గర కాళ్ళకింద ఉండే ఆ జారుడు నాకు తెలుసు. బొమ్మలో నేల చూస్తే చెప్పులు జాగ్రత్తగా వెయ్యాలనిపించింది.

ఇంతలో వాలెన్సియా బొమ్మ దగ్గర గొడవ. సొరోయా సొంత ఊరది. పట్టుబట్టలేసుకుని గుర్రాల మీద జంటలు, పక్కన నారింజ పళ్ళు. మా పిల్ల వాటిని చూపించి, స్కూల్లో నేర్పినట్టు "నరాన్హ" అంది. డొమినికన్ ఆవిడ తల అడ్డంగా ఊపి "చీనా" అంది. ఆమె మనవడు నానమ్మ వైపు. నా మనవరాలు బిక్కమొహం వేసింది. గైడ్ వచ్చి తీర్చింది: స్పెయిన్‌లో నరాన్హ, డొమినికన్ రిపబ్లిక్‌లోనూ ప్యూర్టో రికోలోనూ ఆ పండుని చీనా అంటారు, ఇద్దరిదీ రైటే.

ఇక నేను ఆగగలనా! నరాన్హ అంటే మన నారింజే. నారంగ అన్న మాట పారశీకం మీదుగా, అరబ్బీ మీదుగా పండుతోపాటే స్పెయిన్ చేరింది. ఆ నారంగకి మూలం ద్రావిడ భాషల్లో ఉందని భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు చాలామంది అంటారు. చీనా విషయానికొస్తే, మావారి ఉద్యోగం వల్ల అనంతపురంలో ఏడేళ్ళున్నాం. అక్కడ బత్తాయిని ఎవరూ బత్తాయి అనరు, చీనీ అంటారు. చీనీ తోటలు, చీనీ కాయలు. ఇదంతా మనవరాలికి తెలుగులో చెప్పాను, అది ఇంగ్లీషులో గైడ్‌కి చెప్పింది, గైడ్ స్పానిష్‌లో ఆ నానమ్మకి చెప్పింది. మూడు చేతులు మారి అక్కడికి ఏం చేరిందో గానీ, ఆవిడ నా భుజం మీద తట్టి "చీనీ, చీనీ" అని పెద్దగా నవ్వింది. గార్డు తొంగి చూశాడు.

వచ్చేటప్పుడు గైడ్‌కి ఐదు డాలర్లు ఇవ్వబోయాను. హంపిలో అలవాటు. ఆవిడ నా చేతిని వెనక్కి నెట్టి, తనకి జీతం కూడా లేదని, వాలంటీరునని చెప్పింది. ఇన్ని సంగతులు ఊరికే చెప్పడానికి ఇంత దూరం వస్తుందా ఈ వయసులో అనుకున్నాను. మొదట్లో నేననుకున్న "ఫ్రీ అంటే ఏం చూపిస్తార్లే" గుర్తొచ్చి, ముంగిట్లో ఎల్ సిద్ గుర్రం నీడలో కూర్చుని పులిహోర తింటున్నంతసేపూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నెలలో మా వియ్యపురాలు వచ్చింది, అనంతపురం నుంచి. ఆవిడని తీసుకుని మళ్ళీ వెళ్ళాను, 1 నంబర్ బండిలోనే. ఆ రోజు వేరే గైడ్, కుర్రాడు. బాగానే చెప్పాడు గానీ పాస్తో పెట్టె దగ్గర ఆగలేదు. ఆగకుండా ఎలా పోతారండీ! వియ్యపురాలి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి పెట్టె ముందు నిలబెట్టాను. ఓ నిమిషం మాట్లాడనివ్వలేదు. ఆ తర్వాత "ఏం కనిపించింది వదినా?" అన్నాను. మోపా-మోపా చెట్టు, పళ్ళతో లాగడం, అడుగున వెండి రేకు, ఏటికొప్పాక తరిణి, అంతా చెప్పుకొస్తున్నాను. తిరిగి చూసేసరికి మా వెనకాల ఎవరో నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు, ఇది ఏ భాష టూర్, ఇంగ్లీషులో మళ్ళీ ఎన్నింటికి అని.